అక్కడి సిమ్ కన్నా ఇక్కడి రీఛార్జి ముఖ్యం

పరదేశం పోతున్నామని చెబితే మన వైపు జనం రెండు సంగతులు అడుగుతారు. జీతమెంత? ఇంటికి ఫోన్ ఎట్లా చేస్తావు? మొదటిదానికి ఏజెంటో, కంపెనీ కాగితమో జవాబు చెబుతుంది. రెండోదానికి ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. దిగంగానే ఫలానా సిమ్ కొనమని ఒకరు, యాప్ వేసుకుంటే అంతా ఉచితమేనని ఇంకొకరు. ఈ సలహాలన్నీ ఫోన్ చేసేవాళ్ల చేతిలోని సిమ్ చుట్టూనే తిరుగుతాయి. ఎత్తేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. ట్రంక్ కాల్ రోజుల నుంచి వీడియో కాల్ దాకా ఈ కథంతా తిరగేసి చూస్తే, మాట అందకుండా పోయింది చాలాసార్లు ఇంటి వైపునే. అందుకే ఏ దేశంలో ఏ సర్వీసు మేలన్న లెక్క ఇంటి గడప దగ్గర మొదలుపెట్టాలన్నది ఈ సమీక్షలో నా వాదన.

ఆంధ్ర సరిహద్దులోని మడకశిర ఈ లెక్కకు మంచి ఉదాహరణ. మూడు పక్కలా కర్ణాటక. శిర, పావగడ, మధుగిరి, గౌరిబిదనూరు అన్నీ దగ్గరే. ఊర్లో సగం మాటలు తెలుగులో, సగం కన్నడంలో నడుస్తాయి. ఇక్కడి పిల్లలకు మొదటి పరదేశం బెంగుళూరే. అక్కడ చదివి, ఉద్యోగం చేసి, కొందరు అమెరికాకో ఆస్ట్రేలియాకో పోతారు. కడప, రాయచోటి అంత కాకపోయినా, కదిరి, హిందూపురం వైపుల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉన్నారు. 2008 మే నెలలో బెంగుళూరు దగ్గర దేవనహళ్లిలో విమానాశ్రయం తెరిచాక వీళ్లందరికీ దారి ఒకటే అయింది. ఇంటికి చేసే ఫోన్ దారి మాత్రం దేశానికొకటి.

పి.పి. నంబర్ల కాలం

మన దేశంలో ఆపరేటరు అవసరం లేకుండా ఊరి నుంచి ఊరికి నేరుగా మాట్లాడే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. ఐ.ఎస్.డి. 1976లో బొంబాయి, లండన్‌ల మధ్య వచ్చింది. పల్లెలకు ఇవి చేరడానికి చాలా కాలం పట్టింది. 1984లో శాం పిట్రోడా చొరవతో సీ-డాట్ సంస్థ పుట్టి, మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్‌ఛేంజిలు తయారుచేశాక గానీ తాలూకా కేంద్రాల్లో పసుపు పచ్చ ఎస్.టి.డి. బూత్‌లు వెలవలేదు. మడకశిరకు 08493, హిందూపురానికి 08556, పెనుకొండకు 08555, ధర్మవరానికి 08559. ఈ కోడ్‌లు ఆ తరానికి నోటి లెక్క. బయటి దేశం నుంచి చేసేటప్పుడు మొదటి సున్నా తీసేసి ముందర 91 చేర్చాలని తెలియక తప్పు నంబరు తిప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు లెక్కలేదు.

ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లు వీధికి ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లకు పి.పి. నంబరే, అంటే పక్కవాళ్ల ఇంటి ఫోన్ నంబరే గతి. షావుకారి ఇంటికో, ఉపాధ్యాయుల ఇంటికో గల్ఫ్ నుంచి ఫోన్ వస్తుంది. 'పది నిమిషాలాగి మళ్లీ చేస్తాను, మా అమ్మను పిలిపించండి' అంటాడు కొడుకు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి లైను దొరకదు. దొరికినా పదిమంది ముందర ఏం మాట్లాడుతుంది? 'బాగుండావా, తింటాండావా' అనేసరికి టైము అయిపోతుంది. కడుపులో మాట చెప్పుకోవాలంటే ఉత్తరమే, లేదంటే ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపే టేపు క్యాసెట్. డబ్బు లేక కాదు, ఎత్తేవాళ్లకు సొంత ఫోన్ లేకనే ఆ కాలంలో మాట ఆగిపోయింది.

పుట్టపర్తి దగ్గర కథ తిరగబడింది. అక్కడి సాయిబాబా ఆశ్రమం ప్రశాంతి నిలయానికి వచ్చి నెలల తరబడి ఉండే విదేశీ భక్తులకు అదే పరదేశం. అక్కడి బూత్‌లలో ఐ.ఎస్.డి. మీటరు వైపు ఒక కన్ను వేసి మాట్లాడినవాళ్లు ఇటలీ వాళ్లో, జర్మనీ వాళ్లో. మీటరు భయం అందరిదీ ఒకటే.

కార్డులు నేర్పిన పాఠం

1986 నుంచి దేశానికి వచ్చే, దేశం నుంచి పోయే కాల్స్ అన్నీ విదేశ్ సంచార్ నిగమ్ చేతి మీదుగానే పోయేవి. 2002 ఏప్రిల్‌లో ఆ గుత్తాధిపత్యం పోయింది. ఇంటర్నెట్ మీదుగా మాట పంపడానికీ అదే నెలలో అనుమతి వచ్చింది. రేట్లు పడ్డాయి. 2003 మే నుంచి మొబైల్‌కు వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పని తప్పింది. 2006 నాటికి 999 రూపాయలు కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అన్నారు. ఇంట్లో చిన్న మొబైల్, అక్కడ గీకే కార్డు, మధ్యలో మిస్డ్ కాల్. ఇంటివాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే, వాళ్లు కార్డుతో తిరిగి చేసేవాళ్లు. పేదవాడి టెలిఫోన్ వ్యవస్థ అంటే అదే.

కార్డు మీద ముద్రించిన నిమిషాలు మాత్రం దొరికేవి కావు. కనెక్షన్ ఫీజని, నిర్వహణ ఫీజని, మూడేసి నిమిషాలకు గుండుగుత్తగా కోతని రకరకాల వాతలు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ కార్డులను పరీక్షించి, కొన్నిటిలో ప్రకటించిన నిమిషాల్లో సగం దగ్గరే వస్తున్నాయని తేల్చి 2008లో కంపెనీల మీద కేసులు పెట్టింది. ఇప్పటికీ నిమిషం రేటు చూసి మురిసిపోయేవాళ్లు ఈ పాఠం గుర్తుంచుకోవాలి. రేటుతో పాటు ఎన్ని సెకన్లకొకసారి లెక్కగడతారో, ఎన్ని రోజుల్లో బ్యాలెన్స్ చస్తుందో చూడాలి.

ఇంకో కిటుకు ఉంది. విదేశం నుంచి వచ్చే ప్రతి నిమిషానికి మన దేశపు కంపెనీకి కొంత ముట్టాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 2015లో 53 పైసలు, 2018లో 30 పైసలు చేసి, 2020 మే నుంచి 35 నుంచి 65 పైసల మధ్య ఉండాలని నిర్ణయించింది. ఈ ముక్క తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. కాల్ ఖరీదులో మన వైపు వాటా రూపాయి కూడా కాదు, మిగతాది దారిలోని కంపెనీలకు పోయేదే. అంతకన్నా చవగ్గా ఇస్తామనేవాడు ఆ కాల్‌ను దొంగదారిన తెచ్చి, పెట్టెలో పేర్చిన సిమ్‌ల గుండా లోకల్ కాల్‌గా మార్చి పంపుతున్నాడని అనుమానించాలి. కొడుకు దుబాయి నుంచి చేస్తుంటే ఇంట్లో ఫోన్ మీద ఏదో మన దేశపు కొత్త నంబరు కనిపించడానికి కారణం చాలాసార్లు అదే.

యాప్‌లు: దేశానికో చట్టం

వాట్సాప్‌లో మాట్లాడే సౌకర్యం 2015లో, వీడియో 2016 నవంబరులో వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో మొదలైంది. ఈ రెండూ ఒక్కసారే రావడం వల్లనే అమ్మ ముఖం ఫోన్‌లో కనబడింది. స్కైప్ 2003 నుంచీ ఉన్నా మన పల్లెలకు అందలేదు, ఎందుకంటే ఇంటి వైపు డేటా లేదు. ఆ స్కైప్ 2025 మే నెలలో మూతబడింది. 'యాప్ ఉంది కదా' అని ఒక్కదాన్నే నమ్ముకోకూడదని చెప్పడానికి ఇదొక సాక్ష్యం.

కువైట్‌లో జైన్, ఊరిడూ, ఎస్.టి.సి. అని మూడు కంపెనీలు. అక్కడ వాట్సాప్ కాల్ నడుస్తుంది కాబట్టి డేటా ప్యాక్ చూసుకుంటే చాలు. మనవాళ్లలో ఒకప్పుడు ఇమో యాప్ వాడేవాళ్లూ తక్కువేం కాదు. సౌదీలో 2017 సెప్టెంబరు దాకా ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఉండేది, నిబంధనలు పాటించే యాప్‌లకు ఎత్తేశారు. అక్కడ 2016 నుంచి సిమ్ తీసుకోవాలంటే వేలిముద్ర వేయాలి. నివాస కార్డు అకామా చేతికి రాకముందే తోటివాళ్ల పేరు మీది సిమ్ వాడే అలవాటు మనవాళ్లలో ఉంది. కువైట్‌లో గుర్తింపు కార్డు బతాకా రాకముందూ అంతే. ఆ సిమ్‌తో ఇంకెవరో తప్పు చేసినా పోలీసులు ముందు పట్టుకునేది పేరున్నవాడినే. ఇద్దరికీ చేటు.

ఎమిరేట్స్ సంగతి వేరు. అక్కడ వాట్సాప్‌లో రాసుకోవచ్చు, మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఎతిసలాత్, డూ కంపెనీల నెట్‌వర్క్ మీద బోటిమ్ లాంటి అనుమతి పొందిన యాప్‌లే వాడాలి. 2018లో ఈ యాప్‌ల కోసం నెలకు 50 దిర్హాముల ప్యాక్ పెట్టారు. కొందరు వీపీఎన్ పెట్టి తప్పించుకుంటారు. వీపీఎన్ దానంతట అది నేరం కాదు గానీ, నేరం చేయడానికో, దాచడానికో వాడినట్టు తేలితే జైలో, 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా జరిమానానో, రెండూనో వేసే చట్టం ఉంది. పది నిమిషాల మాట కోసం పదేళ్ల సంపాదన పణం పెట్టడం తెలివి కాదు. ఖతర్, ఒమన్‌లలోనూ వాట్సాప్ కాల్స్‌కు చాలాకాలంగా అడ్డంకులున్నాయి. కాబట్టి దుబాయి పోయేవాళ్లు బయల్దేరకముందే ఇంట్లో ఫోన్‌లో బోటిమ్ వేసి, అమ్మ చేత ఒకసారి ఎత్తించి చూపించాలి. దుబాయిలో దిగినాక ఫోన్‌లో చెప్పి నేర్పించడం అయ్యే పని కాదు, ఎందుకంటే చూపించి చెప్పడానికి కావాల్సిన వాట్సాప్ కాలే లేదక్కడ.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో యాప్‌లకు అడ్డు లేదు. అక్కడి చిక్కు వేరు. మన ఇంట్లో ఉన్నది బటన్ ఫోన్ అయితే యాప్ పనికిరాదు. 2009లో వోనేజ్ కంపెనీ నెలకు పాతిక డాలర్ల లోపు ఇండియాకు ఎంతైనా మాట్లాడుకోమన్నప్పుడు తెలుగు ఇళ్లు ఎగబడింది ఇందుకే. అవతల ఏ ఫోనున్నా మోగుతుంది. ఇప్పుడూ మామూలు కాల్ పోయే దారి ఒకటి దగ్గర ఉండాలి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రం కింద కేబుళ్లు తెగినప్పుడు ఇండియాలోనూ గల్ఫ్‌లోనూ ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. వీడియో ఆగిపోయిన రోజు పది రూపాయల మామూలు కాల్ విలువ తెలుస్తుంది.

ఇంటి వైపు లెక్క

'జీవితాంతం ఇన్‌కమింగ్' మాట 2018 చివర్లో చచ్చిపోయింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకు 35 రూపాయల కనీస రీఛార్జి పెట్టాయి. అది కట్టకపోతే కొన్ని రోజులకు వచ్చే కాల్ కూడా ఆగుతుంది. ఆ 35 పెరుగుతూ పోయి, 2024 జులైలో ఎయిర్‌టెల్ 28 రోజుల ప్యాక్ 179 నుంచి 199 రూపాయలైంది. 28 రోజులంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు. వేరుశనగ పంట పోయిన ఏడాది రొళ్లలోనో గుడిబండలోనో ఒంటరిగా ఉండే ముసలమ్మకు అది చిన్న మొత్తం కాదు. కువైట్‌లో కొడుకు మంచి ప్యాక్ వేసుకుని చేస్తాడు, 'మీరు డయల్ చేసిన నంబరు' అని ఏదో వినబడుతుంది, ఇంట్లో ఏమైందోనని రాత్రంతా నిద్రపోడు. అయింది ఏమీ లేదు, రీఛార్జి అయిపోయింది.

దీనికి మందు ఉంది. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలకూ ఎస్.ఎం.ఎస్.లకూ మాత్రమే ప్యాక్ ఇవ్వాలని, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 1849 రూపాయలకు 365 రోజుల ప్యాక్, జియో 1748 రూపాయలకు 336 రోజుల ప్యాక్ తెచ్చాయి. రేట్లు మారుతుంటాయి, పద్ధతి మాత్రం పట్టుకోండి. బటన్ ఫోన్ వాడే పెద్దవాళ్లకు ఉగాదికో సంక్రాంతికో ఏడాది రీఛార్జి ఒకేసారి వేయించడం చీర పెట్టడం కన్నా మంచి కానుక.

రెండోది టవరు. అగళి, అమరాపురం లాంటి సరిహద్దు మండలాల్లో ఫోన్ ఒక గదిలో ఆంధ్ర సర్కిల్ టవరును, ఇంకో గదిలో కర్ణాటక సర్కిల్ టవరును పట్టుకోవచ్చు. 2017 ప్రాంతంలో కంపెనీలు దేశంలో రోమింగ్ చార్జీలు ఎత్తేసేదాకా సరిహద్దు పల్లెలకు ఇది ఖర్చు. సొంత ఇంట్లో కూర్చుని, వచ్చిన కాల్ ఎత్తినందుకు డబ్బు పోయేది. ఇప్పుడు ఖర్చు పోయింది, సిగ్నల్ తిప్పలు కొన్నిచోట్ల మిగిలాయి. కొడుకుకు ఏ కంపెనీ ఇష్టమన్నది కాదు, ఇంట్లో అమ్మ పడుకునే చోట ఏ కంపెనీ సిగ్నల్ నిలుస్తుందన్నది చూసి సిమ్ కొనాలి. కుదిరితే రెండు కంపెనీలవి.

మూడోది వేళ. కువైట్, సౌదీ మనకన్నా రెండున్నర గంటలు, ఎమిరేట్స్ గంటన్నర వెనక. కువైట్‌లో పని ముగించి రాత్రి తొమ్మిదికి చేస్తే ఇక్కడ పదకొండున్నర. తెల్లవారకముందే లేచి పాలు పితికే ఇంట్లో ఆ వేళకు ఎవరు మేలుకుంటారు? వారానికి ఒక రోజు, ఒక వేళ ముందే మాట్లాడి పెట్టుకోవడం ఏ ప్యాక్ కన్నా లాభం.

నంబరు పోతే ఇల్లు పోయినట్టే

ఇప్పుడు ఫోన్ నంబరంటే మాట ఒక్కటే కాదు. బ్యాంకు, ఆధార్, పెన్షన్, భూమి కాగితం అన్నిటికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. పరదేశం పోయినవాళ్లలో చాలామంది ఇండియా సిమ్‌ను పెట్టెలో పడేసి మరిచిపోతారు. 90 రోజులు వాడకపోతే నంబరు రద్దు చేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే నంబరు నిలబడుతుందని ట్రాయ్ 2013 నాటి నిబంధన. కానీ నంబరు బతికుండటం వేరు, ఓటీపీ రావడం వేరు. ఓటీపీ రావాలంటే ప్యాక్ ఉండాలి, బయల్దేరకముందే అంతర్జాతీయ రోమింగ్ తెరిపించాలి. అక్కడ ఎస్.ఎం.ఎస్. అందుకోవడానికి మామూలుగా డబ్బు పడదు. ఆ సిమ్‌కు వచ్చిన కాల్ ఎత్తితే మాత్రం వాత. డేటా రోమింగ్ ఆపే ఉంచాలి.

ఐఫోన్ కొనేవాళ్లకు ఇంకో హెచ్చరిక. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 2022 నాటి 14 నుంచి సిమ్ పెట్టే అరే లేదు. 2025లో వచ్చిన 17 నుంచి కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలోనూ అంతే. మడకశిరలో కొన్న ప్లాస్టిక్ సిమ్ అందులో దూరదు. ఇక్కడ ఉన్నప్పుడే దాన్ని ఇ-సిమ్‌గా మార్పించుకుని పోవాలి.

యూపీఐ సంగతికి వస్తే, 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్.పి.సి.ఐ. పది దేశాల నంబర్లతో ప్రవాసులు తమ ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాల మీద యూపీఐ వాడుకోవచ్చంది. సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, ఒమన్, అమెరికా ఉన్న ఆ జాబితాలో కువైట్ లేదు. రాయలసీమ వాళ్లు ఎక్కువగా పోయే దేశమే లేకపోవడం గమనించాలి. కువైట్ పోయేవాళ్లకు ఇండియా నంబరు ఇంకా అవసరం. పైగా, ఏ సిమ్‌తో వాట్సాప్ తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లోనే ఉండాలని 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ మెసేజింగ్ కంపెనీలను ఆదేశించింది. ఇండియా నంబరు వాట్సాప్‌ను కువైట్ సిమ్ మీద నడిపే అలవాటు ఎక్కువకాలం సాగుతుందని అనుకోవద్దు. రెండు సిమ్‌ల ఫోన్ కొనడమే దారి.

ఇంటివాళ్ల భయాన్ని పెట్టుబడిగా పెట్టుకున్న దొంగలూ ఉన్నారు. 'మీ కొడుకును అక్కడ పట్టుకున్నారు, డబ్బు పంపండి' అనే ఫోన్ మన దేశపు నంబరు నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. అలాంటి దొంగ కాల్స్‌ను వడకట్టే ఏర్పాటు 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. అనుమానం వస్తే టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అంతకన్నా ముందు ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకోండి. ఊరి దేవర పేరో, చిన్నప్పటి ముద్దు పేరో. అది చెప్పనివాళ్లకు పైసా పంపొద్దు.

ఫోన్ చేతికి దొరకని ఆడవాళ్లు

ఈ సమీక్షలో అన్నిటికన్నా బరువైన ముక్క ఇది. ఖాదిమ్ వీసా మీద ఇంటి పనికి పోయిన ఆడవాళ్లకు ఏ సిమ్ మంచిదన్న ప్రశ్నే రాదు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీలు, ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ ఇస్తే మాట ఉంది, ఫోన్ తీసి లోపల పెట్టుకుంటే లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లోనే ఇంటి పనివాళ్ల చట్టం చేసింది, ఆచరణ ఇంటింటికీ ఒక తీరు. అందుకే పోయే ముందే చేయాల్సిన పనులున్నాయి. రెండు ఇంటి నంబర్లు, భారత రాయబార కార్యాలయం నంబరు నోటికి రావాలి, ఫోన్‌లో దాచుకుంటే చాలదు. కఫీలు పేరు, ఇంటి చిరునామా, ఏజెంటు నంబరు రాసిన కాగితం ఇంట్లో ఉండాలి. ఎన్ని రోజులు ఫోన్ రాకపోతే ఇంటివాళ్లు కదలాలో ముందే అనుకోవాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ 2015 నుంచి ఉంది, రాష్ట్రంలో ప్రవాసుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. 'మాట్లాడుతుందిలే' అని నెలలు గడిపేసి ఆ తర్వాత పరుగెత్తడం కన్నా అనుకున్న రోజునే ఫిర్యాదు పెట్టడం మేలు.

పెనుకొండలో కొరియా ఇల్లు

2019 డిసెంబరులో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. దానితో పాటు వచ్చిన కొరియా ఉద్యోగులకు మన ఊర్లే పరదేశం. వాళ్ల దేశంలో దాదాపు అందరి ఫోన్లలో ఉండే కాకావోటాక్‌నే వాళ్లు ఇక్కడ వాడుతారు. ఇంటివాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. కొరియా మనకన్నా మూడున్నర గంటలు ముందు, వాళ్ల వేళలు దానికి తగ్గట్టు. ఇంటివాళ్ల దగ్గర ఏముందో చూసి పోయినవాళ్లు దానికి సర్దుకోవడం, ఇదే సరైన వరుస.

మొత్తం మీద తేలేది ఇది. అక్కడి సిమ్ దేశపు చట్టాన్ని బట్టి, జీతాన్ని బట్టి మారుతుంది, మారినా నష్టం లేదు. నిలకడగా ఉండాల్సింది ఇంటి వైపు ఏర్పాటు. విమానం ఎక్కే ముందు నాలుగు పనులు చేయండి. ఇంట్లో సిగ్నల్ నిలిచే కంపెనీ సిమ్, దానికి ఏడాది రీఛార్జి. మీ ఇండియా నంబరుకు రోమింగ్, అవసరమైతే ఇ-సిమ్. మీరు పోయే దేశంలో నడిచే యాప్‌ను అమ్మానాన్నల చేత ఎత్తించి చూడటం. నోటికి రెండు నంబర్లు, ఇంట్లో ఒక గుర్తు మాట. ఇవి చేసుకుని పోతే ఆ తర్వాత ఏ సిమ్ కొన్నా పెద్ద తేడా లేదు. ఇవి చేయకుండా పోతే, ఎంత ఖరీదైన ప్యాక్ కొన్నా ఇంటి మాట అందుతుందన్న పూచీ లేదు.